కాలిఫోర్నియా కాండార్లలో సీసపు విషప్రభావం

కాలిఫోర్నియా కాండార్ ఉత్తర అమెరికా ఖండంలోని అతి పెద్ద ఎగిరే పక్షి. ఇది రాబందులవలె చచ్చిన జంతువుల మాంసము తిని జీవిస్తుంది. వేటగాళ్లు వాడిన సీసపు తూటాల ముక్కలు కళేబరాల ద్వారా ఈ పక్షుల కడుపులోకి చేరి, వాటి రక్తాన్ని, నరాలను, జీర్ణవ్యవస్థను దెబ్బతీయడాన్ని కాండార్లలో సీసపు విషప్రభావం అంటారు. 1980 దశకంలో ఈ జాతి అంతరించే స్థితికి చేరడానికి గల ముఖ్య కారణాలలో ఇది ఒకటి. బందీగా పెంచిన పక్షులను 1992 నుండి తిరిగి అడవులలో వదలుతున్నప్పటికీ, అవి మానవ సహాయం లేకుండా స్వయంగా మనలేకపోవడానికి నేటికీ ప్రధాన కారణం సీసమే. వన్యపక్షులపై సీసపు ప్రభావం గురించి ప్రపంచంలో అత్యంత వివరంగా అధ్యయనం చేయబడిన ఉదాహరణలలో ఇది ఒకటి.

పక్షి పరిచయం

కాలిఫోర్నియా కాండార్ శాస్త్రీయనామం జిమ్నోజిప్స్ కాలిఫోర్నియానస్. ఇది అమెరికా ఖండపు రాబందుల కుటుంబమైన కథార్టిడేకు చెందినది. రెక్కలు చాచినపుడు వాటి విస్తృతి సుమారు 2.9 మీటర్లు ఉంటుంది. బరువు సాధారణంగా 8 నుండి 10 కిలోగ్రాములు. శరీరం నలుపు, రెక్కల అడుగున తెల్లని పట్టీలు, ఈకలు లేని బోడి తల దీని గుర్తులు. వేడి గాలి ప్రవాహాల మీద తేలుతూ ఒకే రోజులో 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణించగలదు.

ఈ పక్షి జీవితంలో అన్నీ నెమ్మదిగా జరుగుతాయి. ఆరు నుండి ఎనిమిది సంవత్సరాల వయసు వచ్చిన తరువాతనే సంతానోత్పత్తికి సిద్ధమవుతుంది. ఆడపక్షి ఒక్కసారి ఒక్క గుడ్డు మాత్రమే పెడుతుంది. పిల్ల ఒక సంవత్సరానికి పైగా తల్లిదండ్రుల మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి సాధారణంగా ఒక జంట రెండేళ్లకు ఒక పిల్లను మాత్రమే పెంచుతుంది. దీనికి ప్రతిగా ప్రకృతి ఈ పక్షికి దీర్ఘాయువును ఇచ్చింది; ఇది 60 సంవత్సరాల వరకు జీవించగలదు. పిల్లలు తక్కువ, ఆయువు ఎక్కువ అనే ఈ లెక్క మీదనే జాతి మనుగడ ఆధారపడి ఉన్నది. పెద్ద పక్షులు అకాలంగా మరణించడం మొదలైతే ఆ లోటును పిల్లలు భర్తీ చేయలేవు. సీసం దెబ్బ తీసేది సరిగ్గా ఇక్కడే.

సీసము - విష స్వభావం

సీసము పరమాణు సంఖ్య 82 గల లోహ మూలకము. మెత్తగా ఉండడం, అధిక సాంద్రత (ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు), తక్కువ ఉష్ణోగ్రత వద్ద (సుమారు 327 డిగ్రీల సెల్సియస్) కరగడం అనే మూడు లక్షణాల వలన ఇది తుపాకీ తూటాలకు, చేపల గాలాలకు కట్టే బరువులకు శతాబ్దాలుగా వాడబడుతున్నది. ఇనుము, రాగి, జింకు వంటి లోహాలు స్వల్ప పరిమాణంలో జీవులకు అవసరం. సీసానికి మాత్రం జీవుల శరీరంలో ఉపయోగకరమైన పాత్ర ఏదీ లేదు.

శరీరంలో ప్రవేశించిన సీసం కాల్షియం మాదిరిగా ప్రవర్తిస్తుంది. కాల్షియం చేరవలసిన చోటికి ఇది చేరి నరాల సంకేతాలకు అంతరాయం కలిగిస్తుంది, ఎముకలలో నిలువ చేరుతుంది. రక్తానికి ఎరుపు రంగునిచ్చే హీమోగ్లోబిన్ తయారీకి డెల్టా అమినోలెవ్యులినిక్ ఆమ్ల డీహైడ్రటేజ్ అనే ఎంజైము అవసరం. సీసం ఈ ఎంజైమును పనిచేయనీయదు. దీని వలన రక్తహీనత కలుగుతుంది. పక్షి పైకి ఆరోగ్యంగా కనిపిస్తున్న దశలోనే ఈ ఎంజైము దెబ్బతినడం మొదలవుతుంది కనుక, విషప్రభావాన్ని ముందుగా గుర్తించడానికి శాస్త్రజ్ఞులు దీనిని ఒక కొలబద్దగా వాడుతున్నారు.

సీసం పక్షిని చేరే మార్గం

తుపాకీ నుండి వెలువడిన సీసపు తూటా జంతువు శరీరంలో ఎముకలను, కండరాలను తాకినపుడు ముక్కలుగా చెదిరిపోతుంది. వేటగాడు మాంసాన్ని తీసుకుని పేగులు మొదలగు లోపలి భాగాలను అక్కడే వదలివేస్తాడు. గాయపడి తప్పించుకుపోయిన జంతువు మరెక్కడో చనిపోతుంది. పొలాలకు, పశువులకు హాని చేస్తున్నాయని కాల్చి పడవేసిన అడవి పందులు, కొయోట్లు, నేల ఉడుతల కళేబరాలు కూడా ఆరుబయటనే మిగిలిపోతాయి. కాండార్లకు ఇవన్నీ ఆహారమే.

తూటా ఎంతగా చెదురుతుందో తెలుసుకొనడానికి తుపాకీతో వేటాడబడిన 38 జింకల శరీరాలను, వాటి నుండి తీసి పడవేసిన భాగాలను ఎక్స్-రే తీసి జరిపిన ఒక పరిశోధన 2006లో ప్రచురింపబడింది. వదలివేసిన పేగుల కుప్పలలో అత్యధిక భాగంలో సీసపు ముక్కలు కనిపించాయి. కొన్నింటిలో రెండు వందలకు పైగా ముక్కలు ఉన్నాయి. రాగి తూటాలతో చంపిన జింకలలో ముక్కలు చాలా తక్కువగా ఉన్నాయి. ముక్కలు తూటా దూసుకుపోయిన దారిలోనే కాక దానికి దూరంగా కూడా చెల్లాచెదురుగా ఉండడం వలన, తూటా తగిలిన భాగాన్ని కోసి పారవేసినంత మాత్రాన మాంసం శుభ్రపడదని తేలినది. ఈ విషయం మనుషులకు కూడా వర్తిస్తుంది. 2008లో నార్త్ డకోటా రాష్ట్రంలో పేదలకు దానంగా ఇచ్చిన జింక మాంసంలో సీసం బయటపడగా దానిని పంచవద్దని ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖ సూచించింది.

కాండార్లు గుంపుగా భోజనం చేసే పక్షులు. ఒక కళేబరం వద్దకు పది పదిహేను పక్షులు చేరడం సాధారణం. కనుక విషపూరితమైన కళేబరం ఒక్కటైనా ఒకే పూటలో అనేక పక్షులకు హాని చేయగలదు. పైగా ఇవి దీర్ఘకాలం జీవిస్తాయి. వేల పూటల భోజనంలో ఏ ఒక్క పూటలో సీసం ఉన్నా ప్రమాదమే. కళేబరాలలో కొద్ది శాతం మాత్రమే సీసంతో కలుషితమై ఉన్నా పక్షులలో అధిక భాగం విషానికి గురి కావడానికి కారణం ఇదే.

కాండార్ల కడుపులోని ఆమ్లం కుళ్లిన మాంసాన్ని కూడా జీర్ణం చేయగలిగినంత తీవ్రమైనది. సీసపు ముక్కలను కరిగించి రక్తంలో కలిపేది కూడా ఆ ఆమ్లమే. డేగలు, గుడ్లగూబలు తాము మింగిన వెంట్రుకలు, ఎముకలను ఉండలుగా చేసి తరచుగా బయటకు కక్కివేస్తాయి. వాటితోపాటు కొన్నిసార్లు సీసపు ముక్కలు కూడా బయటపడతాయి. మెత్తని మాంసాన్ని ఎక్కువగా తినే కాండార్లకు ఈ అవకాశం తక్కువ.

వ్యాధి లక్షణాలు

సీసపు విషానికి లోనైన కాండార్లలో కనిపించే ముఖ్య లక్షణాలు:

* మెడ కింద ఆహారాన్ని తాత్కాలికంగా నిలువ ఉంచుకొనే సంచి కండరాలకు పక్షవాతం వస్తుంది. తిన్న ఆహారం కిందికి దిగక అక్కడే కుళ్లిపోతుంది. సంచి నిండుగా ఉండగానే పక్షి ఆకలితో శుష్కిస్తుంది.
* బరువు తగ్గుతుంది, కండరాలు కరిగిపోతాయి.
* రక్తహీనత, నీరసం కలుగుతాయి.
* రెక్కలు వేలాడతాయి, నడక తడబడుతుంది. ఎత్తైన కొమ్మల మీదకు ఎగరలేక నేల మీదనే ఉండిపోతుంది.
* రెట్ట ఆకుపచ్చ రంగుగా మారుతుంది.
* చివరి దశలో చూపు మందగిస్తుంది, మూర్ఛలు వస్తాయి, మరణం సంభవిస్తుంది.

స్వల్ప పరిమాణంలో సీసం చేరిన పక్షి వెంటనే చనిపోదు. కాని బలహీనపడిన పక్షి విద్యుత్తు తీగలను తప్పించుకోలేకపోవచ్చు, కొయోట్ వంటి జంతువులకు సులభంగా చిక్కవచ్చు. ఇటువంటి సందర్భాలలో మరణానికి అసలు కారణం మరుగున పడే అవకాశం ఉన్నది.

చరిత్ర

మంచు యుగంలో కాండార్లు ఉత్తర అమెరికాలో అధిక భాగంలో సంచరించేవి. 1805-06 సంవత్సరాలలో లూయిస్, క్లార్క్ అన్వేషకులు కొలంబియా నదీతీరంలో వీటిని చూశారు. ఐరోపా వలసదారుల రాకతో తుపాకీ కాల్పులు, గుడ్ల సేకరణ, తోడేళ్ల కోసం పెట్టిన విషపు ఎరలు మొదలగు కారణాల వలన వీటి సంఖ్య వేగంగా తగ్గినది. 1947లో కాలిఫోర్నియాలో సెస్పె కాండార్ అభయారణ్యం ఏర్పాటు చేయబడింది. 1967లో అమెరికా సమాఖ్య ప్రభుత్వం ఈ పక్షిని అంతరించే ప్రమాదం ఉన్న జాతిగా ప్రకటించింది. ఎన్ని రక్షణలు కల్పించినా సంఖ్య తగ్గుతూనే వచ్చింది. 1982 నాటికి ప్రపంచం మొత్తంలో మిగిలినవి 22 పక్షులు మాత్రమే.

క్షీణతకు గల కారణం ఆ తరువాత కొద్ది సంవత్సరాలలో తెలియవచ్చింది. 1984 మార్చిలో సియెరా నెవాడా పర్వతపాదాల వద్ద దొరికిన మృత కాండార్ శరీరంలో సీసం ప్రాణాంతకమైన స్థాయిలో ఉన్నట్లు తేలింది. 1982-1986 మధ్య అడవిలో మరణించి పరీక్షకు లభించిన నాలుగు కాండార్లలో మూడు సీసపు విషం వలన చనిపోయినవే. ఈలోగా 1984-85 శీతాకాలంలో మిగిలి ఉన్న పదిహేను అడవి పక్షులలో ఆరు అదృశ్యమైనవి. అప్పటి వరకు సంతానోత్పత్తి చేస్తున్న ఐదు జంటలలో ఒక్క జంట మాత్రమే మిగిలినది.

అడవిలోని పక్షులన్నింటినీ పట్టి బంధించాలా, లేక కొన్నింటిని స్వేచ్ఛగా ఉంచాలా అనే విషయంపై తీవ్రమైన వాదోపవాదాలు జరిగినవి. పక్షులన్నీ జంతుప్రదర్శనశాలలకు చేరితే వాటి నివాస ప్రాంతాలను కాపాడాలనే పట్టుదల ఎవరికీ ఉండదని జాతీయ ఆడుబాన్ సంఘం వాదించి కోర్టును ఆశ్రయించింది. 1986 జనవరిలో చివరి జంటలోని ఆడపక్షి ఏసీ-3 సీసపు విషంతో మరణించింది. తుదకు అన్ని పక్షులను పట్టుకొనడానికి మార్గం సుగమమైనది. 1987 ఏప్రిల్ 19న ఏసీ-9 అనే మగపక్షిని పట్టుకొనడంతో స్వేచ్ఛగా ఎగిరే కాలిఫోర్నియా కాండార్ ఒక్కటి కూడా లేకుండా పోయింది. అప్పటికి జాతి మొత్తం సంఖ్య 27.

పునరుద్ధరణ

లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో జంతుప్రదర్శనశాలలలో సంతానోత్పత్తి కార్యక్రమం చేపట్టారు. ఒక గుడ్డును గూటి నుండి తొలగిస్తే ఆడపక్షి మరొక గుడ్డు పెడుతుంది. ఈ లక్షణాన్ని ఉపయోగించుకొని పిల్లల సంఖ్యను పెంచగలిగారు. బందీగా ఉన్న జంటకు మొదటి పిల్ల 1988లో పుట్టింది. పిల్లలు మనుషులకు మచ్చిక కాకుండా ఉండడానికి కాండార్ తల ఆకారంలో చేసిన చేతి తొడుగు బొమ్మలతో వాటికి ఆహారం తినిపించేవారు.

పక్షులను తిరిగి వదలిన ప్రదేశాలు, సంవత్సరాలు:

* 1992 - దక్షిణ కాలిఫోర్నియాలోని సెస్పె ప్రాంతం
* 1996 - అరిజోనాలోని వెర్మిలియన్ క్లిఫ్స్
* 1997 - మధ్య కాలిఫోర్నియా తీరంలోని బిగ్ సర్
* 2002 - మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా
* 2003 - కాలిఫోర్నియాలోని పినకిల్స్
* 2022 - ఉత్తర కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ ప్రాంతం, యురోక్ ఆదివాసి తెగ ఆధ్వర్యంలో

చివరగా పట్టుబడిన ఏసీ-9 పదిహేను సంవత్సరాల తరువాత 2002లో మళ్లీ ఆకాశంలోకి ఎగిరింది. 1986లో పట్టుబడిన ఏసీ-8 అనే ఆడపక్షిని 2000లో విడుదల చేశారు. 2002లో దానికి సీసపు విషం సోకగా చికిత్స చేసి తిరిగి వదిలారు. విషం నుండి బయటపడిన ఆ పక్షి 2003 ఫిబ్రవరిలో ఒక వేటగాని తుపాకీకి బలి అయినది.

2022 చివరి నాటికి మొత్తం కాండార్ల సంఖ్య 561కి చేరింది. వీటిలో 347 అడవిలోనే ఉన్నాయి. 2023లో పక్షి జ్వరం వలన అరిజోనా-యూటా గుంపులో 21 పక్షులు మరణించినవి. దీని తరువాత కాండార్లకు టీకాలు వేయడం ప్రారంభించారు.

పరిశోధనలు

సీసం తూటాల నుండే వచ్చినదని ఎలా చెప్పగలరు అనే ప్రశ్న మొదటి నుండి ఉన్నది. పాత పెట్రోలు పొగ, రంగులు, నేల వంటి అనేక మూలాల నుండి సీసం రావచ్చును. దీనికి సమాధానం ఐసోటోపుల ద్వారా లభించినది. ప్రకృతిలో సీసానికి 204, 206, 207, 208 ద్రవ్యరాశి సంఖ్యలు గల నాలుగు స్థిరమైన ఐసోటోపులు ఉన్నాయి. ఏ గని నుండి తీసిన సీసమో దానిని బట్టి వీటి నిష్పత్తి మారుతుంది. వేలిముద్రను బట్టి మనిషిని గుర్తించినట్లు, ఈ నిష్పత్తిని బట్టి సీసపు మూలాన్ని గుర్తించవచ్చు. ఇంకా విడుదల చేయని కాండార్ల రక్తంలోని సీసపు నిష్పత్తి పరిసరాలలో సహజంగా ఉండే సీసంతో సరిపోగా, అడవిలో తిరుగుతూ అధిక సీసం చేరిన కాండార్ల నిష్పత్తి తూటాల సీసానికి దగ్గరగా ఉన్నట్లు శాంటా క్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో ప్రకటించారు.

రక్తంలో సీసం కొద్ది వారాలలోనే తగ్గిపోతుంది కనుక సంవత్సరానికి ఒకటి రెండుసార్లు చేసే రక్తపరీక్షలో అనేక సంఘటనలు బయటపడవు. పెరుగుతున్న ఈక ఈ లోటును తీరుస్తుంది. ఈక పెరిగే కాలంలో రక్తంలో ఉన్న సీసం అందులో చేరి నిలిచిపోతుంది. ఈకను చిన్న ముక్కలుగా కోసి వరుసగా పరీక్షిస్తే అది పెరిగిన నెలలలో పక్షి ఎప్పుడు, ఎంత సీసానికి గురైనదో తెలుస్తుంది.

2012లో వెలువడిన రెండు అధ్యయనాలు సమస్య తీవ్రతను స్పష్టం చేసినవి. మొదటిది 1992 నుండి 2009 వరకు జరిగిన మరణాలకు సంబంధించినది. కారణం నిర్ధారించగలిగిన 76 మరణాలలో 70 శాతం మానవ చర్యల వలన జరిగినవే. గూటిలోని పిల్లలు ఎక్కువగా సీసా మూతలు, గాజు ముక్కలు వంటి చెత్తను మింగి మరణించగా, పెద్ద పక్షులలో 15 మరణాలకు 10 సీసం వలన సంభవించినవి.

రెండవ అధ్యయనం అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ప్రచురింపబడింది. ఇందులో 1997-2010 మధ్య కాలిఫోర్నియాలోని 150 కాండార్ల నుండి సేకరించిన 1,154 రక్త నమూనాలను పరిశీలించారు. ఏటా సేకరించిన నమూనాలలో 30 శాతం వాటిలో సీసం డెసిలీటరుకు 20 మైక్రోగ్రాములు లేక అంతకు మించి ఉన్నది. ఈ స్థాయిలో పైన చెప్పిన ఎంజైము పని 60 శాతానికి మించి తగ్గిపోతుంది. ప్రతి సంవత్సరం సుమారు 20 శాతం పక్షులలో ఇది 45 మైక్రోగ్రాములు దాటి, చికిత్స తప్పనిసరి అయినది. పక్షుల సంఖ్య పెరగడం చూసి జాతి కోలుకున్నదని భావించడం పొరపాటు అని, ఆ పెరుగుదల నిరంతర మానవ శ్రమ ఫలితం మాత్రమేనని ఈ పరిశోధకులు తేల్చారు. సీసం తొలగితే తప్ప నిజమైన పునరుద్ధరణ సాధ్యం కాదన్నది వారి నిర్ణయం.

చికిత్స

అడవిలోని కాండార్లను వీలైనంత వరకు ఏటా పట్టుకొని పరీక్ష చేస్తారు. పాడి పశువుల పెంపక కేంద్రాల నుండి తెచ్చిన చనిపోయిన దూడలను ఎరగా ఉంచి పక్షులను పెద్ద పంజరాలలోకి రప్పిస్తారు. చేతితో మోసుకుపోగల చిన్న పరికరంతో అక్కడికక్కడే కొద్ది నిమిషాలలో రక్తంలోని సీసాన్ని కొలుస్తారు. స్థాయి అధికంగా ఉంటే పక్షిని ఆసుపత్రికి తరలించి ఎక్స్-రే తీస్తారు.

చికిత్సలో ముఖ్యమైనది కీలేషన్. కాల్షియం ఇ.డి.టి.ఎ. అనే ఔషధాన్ని ఇంజెక్షన్ ద్వారా ఇస్తారు. ఇది రక్తంలోని సీసాన్ని పట్టుకొని మూత్రం ద్వారా బయటకు పంపుతుంది. ఆహారం దిగని పక్షులకు గొట్టం ద్వారా ద్రవాహారం అందిస్తారు. అవసరమైతే కడుపులోని సీసపు ముక్కలను తొలగిస్తారు. చికిత్స పూర్తయి ఆరోగ్యంగా బయటకు వెళ్లిన పక్షి మరుసటి వేట కాలంలో మళ్లీ అదే విషంతో తిరిగి రావచ్చు. ఒకే పక్షికి అనేకసార్లు చికిత్స చేయవలసి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. కనుక చికిత్స ప్రాణం నిలుపగలదే గాని సమస్యను పరిష్కరించలేదు.

చట్టాలు, ప్రత్యామ్నాయాలు

అమెరికాలో నీటిపక్షుల వేటలో సీసపు గుండ్ల వాడకాన్ని 1991 నుండి దేశమంతటా నిషేధించారు. జింకలు, పందులు మొదలగు జంతువుల వేటలో వాడే తూటాలకు ఈ నిషేధం వర్తించలేదు. కాండార్లకు ప్రమాదకరమైనవి ముఖ్యంగా ఈ తూటాలే.

కాలిఫోర్నియా రాష్ట్ర శాసనసభ 2007లో రిడ్లీ-ట్రీ కాండార్ పరిరక్షణ చట్టం చేసింది. కాండార్లు సంచరించే ప్రాంతాలలో పెద్ద జంతువుల వేటకు సీసపు తూటాలు వాడరాదనే నిబంధన 2008 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. తరువాత 2013లో చేసిన మరొక చట్టం ద్వారా నిషేధాన్ని దశలవారీగా విస్తరించి, 2019 జూలై 1 నుండి రాష్ట్రమంతటా అన్ని రకాల వన్యప్రాణుల వేటకు వర్తింపజేశారు. ఇటువంటి సంపూర్ణ నిషేధం విధించిన మొదటి అమెరికా రాష్ట్రం కాలిఫోర్నియా.

అరిజోనా రాష్ట్రం వేరొక మార్గాన్ని అనుసరించింది. అక్కడ చట్టపరమైన నిర్బంధం లేదు. కాండార్ల ప్రాంతంలో వేటకు అనుమతి పొందినవారికి 2005 నుండి సీసం లేని తూటాలను ప్రభుత్వమే ఉచితంగా అందజేస్తూ వచ్చింది. వేటగాళ్లలో అత్యధికులు స్వచ్ఛందంగా దీనికి సహకరించారు. కాలిఫోర్నియాలో కూడా వెంటానా వన్యప్రాణి సంఘం 2012 నుండి వేటగాళ్లకు, పశువుల పెంపకందారులకు ఇటువంటి తూటాలను ఉచితంగా పంచుతున్నది.

సీసానికి బదులుగా తూటాలకు రాగిని, చిన్న గుండ్లకు ఉక్కు, బిస్మత్, టంగ్‌స్టన్ లోహాలను వాడుతున్నారు. రాగి తూటా లక్ష్యాన్ని తాకినపుడు పువ్వువలె విచ్చుకుంటుంది కాని ముక్కలుగా చెదరిపోవడం బహు తక్కువ.

నిషేధాన్ని జాతీయ రైఫిల్ సంఘం వంటి సంస్థలు వ్యతిరేకించినవి. సీసం లేని తూటాల ధర ఎక్కువని, అన్ని రకాల తుపాకులకు అవి సులభంగా దొరకవని, నిషేధం వేటగాళ్ల హక్కులకు భంగకరమని వాటి వాదన. సమాఖ్య స్థాయిలో ఈ విషయం ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చింది. జాతీయ వన్యప్రాణి ఆశ్రయ ప్రాంతాలలో సీసపు తూటాలను క్రమంగా తొలగించాలని 2017 జనవరిలో జారీ అయిన ఉత్తర్వు, ప్రభుత్వం మారిన తరువాత అదే సంవత్సరం మార్చిలో రద్దు చేయబడింది.

2008 నిషేధం తరువాత కాలిఫోర్నియాలోని బంగారు గద్దలలో, టర్కీ రాబందులలో రక్తపు సీసం తగ్గినట్లు 2011లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. కాండార్లలో మాత్రం ఆశించినంత మార్పు రాలేదు. పాత తూటాల నిల్వలు, దొంగ వేట, నిషేధం పరిధిలోకి రాని కాల్పులు ఇందుకు కారణాలుగా చెప్పబడుతున్నాయి. యురోక్ తెగవారు విడుదల చేసిన గుంపులో ఒక చిన్న వయసు కాండార్ 2025 జనవరిలో సీసపు విషంతోనే మరణించినది.

ఇతర పక్షులలో

సీసపు విషం కాండార్లకే పరిమితం కాదు. బాతుల మరణాలకు సీసపు గుండ్లతో గల సంబంధాన్ని జార్జ్ బర్డ్ గ్రిన్నెల్ 1894లోనే ప్రకటించాడు. బాతులు, హంసలు గింజలను నలగగొట్టడానికి చిన్న గులకరాళ్లను మింగి కందనకాయలో ఉంచుకుంటాయి. నీటి అడుగున పడి ఉన్న సీసపు గుండ్లను రాళ్లుగా భ్రమించి మింగుతాయి. అక్కడ అవి అరిగి రక్తంలో కలుస్తాయి. ఉత్తర అమెరికా నీటిపక్షులలో ఏటా 2 నుండి 3 శాతం ఈ విధంగా మరణిస్తున్నాయని 1959లో ఫ్రాంక్ బెల్‌రోజ్ అంచనా వేశాడు.

ఇంగ్లండులో థేమ్స్ మొదలగు నదులలోని హంసలు గాలాలకు కట్టిన సీసపు బరువులను మింగి పెద్ద సంఖ్యలో చనిపోయేవి. 1987లో వీటిపై నిషేధం విధించిన తరువాత హంసల సంఖ్య తిరిగి పెరిగింది. జపానులోని హొక్కాయిడో ద్వీపంలో వేటాడిన జింకల కళేబరాలు తిని స్టెల్లర్ సముద్ర గద్దలు మరణించడంతో అక్కడ 2000 నుండి జింకల వేటలో సీసపు తూటాలను నియంత్రించారు. పసిఫిక్ మహాసముద్రంలోని మిడ్వే దీవిలో ఆల్బట్రాస్ పిల్లలు పాత భవనాల నుండి రాలిన సీసపు రంగు పెచ్చులను మింగి రెక్కలు వేలాడి చనిపోయేవి. అమెరికాలోని 38 రాష్ట్రాలలో 1,210 గద్దలను పరీక్షించిన అధ్యయనం 2022లో వెలువడింది. బోడి గద్దలలో, బంగారు గద్దలలో 46-47 శాతం దీర్ఘకాలిక సీసపు విషంతో ఉన్నట్లు అది తెలిపింది. ఐరోపా సమాఖ్య దేశాలలోని చిత్తడి నేలలలో సీసపు గుండ్ల వాడకంపై నిషేధం 2023 ఫిబ్రవరి నుండి అమలులోకి వచ్చింది.

భారతదేశపు రాబందులతో పోలిక

భారతదేశంలో రాబందులను అంతరింపు అంచుకు చేర్చినది సీసం కాదు, పశువులకు నొప్పి నివారణకై ఇచ్చిన డైక్లోఫెనాక్ అనే ఔషధం. ఈ సంగతి 2004లో ప్రచురితమైన పరిశోధన ద్వారా వెల్లడి కాగా, భారత ప్రభుత్వం 2006లో పశువైద్యంలో దీని వాడకాన్ని నిషేధించింది. విషాలు వేరైనా రెండు కథలలోని మార్గం ఒక్కటే. కళేబరంలో మిగిలిన కొద్దిపాటి పదార్థం దానిని తినే పక్షిని చంపుతుంది. రెండు చోట్లా పక్షి నెమ్మదిగా సంతానోత్పత్తి చేసేదే. రెండు చోట్లా కళేబరాలలో కొద్ది భాగం కలుషితమైతేనే జాతి కూలిపోయినది. రెండు చోట్లా హానికరం కాని ప్రత్యామ్నాయం అందుబాటులో ఉన్నది: అక్కడ రాగి తూటా, ఇక్కడ మెలాక్సికామ్ ఔషధం.

ప్రాముఖ్యత

చచ్చిన జంతువులను తిని పరిసరాలను శుభ్రపరచే పక్షులు ప్రకృతికి పారిశుద్ధ్య సేవకులవంటివి. వాటి శరీరంలో చేరిన విషం, అదే మాంసాన్ని తినే మనుషులకు కూడా ఒక హెచ్చరిక. కాండార్ల విషయంలో వ్యాధి కారణం తెలిసినది, చికిత్స తెలిసినది, ప్రత్యామ్నాయం కూడా మార్కెట్లో లభిస్తున్నది. 27 పక్షుల నుండి 500 పైచిలుకు వరకు పెరిగిన ఈ జాతి, ఏటా పట్టి పరీక్షించి చికిత్స చేయవలసిన అవసరం లేకుండా బ్రతకగలిగిన రోజున మాత్రమే నిజంగా కోలుకున్నట్లు భావించవలసి ఉంటుంది.